దెయ్యం మంచినీళ్లు ఎక్కడ తాగింది?

మూడేళ్ల కిందట నేనొక నవల రాశాను. రాశాను అనడం కంటే రెండు వందల పుటల కాగితం పాడుచేశాను అనడం సబబు. ఉష్ణమండల సముద్రం నడుమ పేరులేని ఒక దీవి, సెలవులకు అక్కడికి వచ్చిన పదహారేళ్ల అమ్మాయి, అడవిలో పాడుబడ్డ బంగళా, తెల్లవారేసరికి మెట్లమీద కనిపించే తడి పాదాల గుర్తులు, నూరేళ్ల కిందట చనిపోయిన మరో అమ్మాయి ఆత్మ, చివరి అధ్యాయంలో బయటపడే హత్య. కౌమారంలో ఉన్న పాఠకులకు నచ్చే దినుసులన్నీ కొలత ప్రకారం పడ్డాయనుకుని, అదే వయసులో ఉన్న మా మేనకోడలికి చదవమని ఇచ్చాను. రెండు రోజుల్లో చదివేసి, బాగుందనిగానీ బాగోలేదనిగానీ చెప్పకుండా ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"అత్తా, ఆ దెయ్యం బతికున్నప్పుడు మంచినీళ్లు ఎక్కడ తాగింది?"

ముందు నవ్వాను. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. ఆ బంగళాకు ఎన్ని కిటికీలున్నాయో, ఏ కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటుందో, మెట్లు ఎన్నో నాకు తెలుసు. బావి ఉందో లేదో తెలియదు. ఆ గోడలకు రాయి ఎవరు మోశారో, ఆ అమ్మాయికి వంట ఎవరు చేసిపెట్టారో, ఆమె చనిపోయాక ఆ ఇంట్లో పనివాళ్లు ఏమైపోయారో తెలియదు. నా దీవిలో ఒక దెయ్యం ఉంది, ఒక ఇల్లు ఉంది, చుట్టూ సముద్రం ఉంది, మనుషులు మాత్రం లేరు. మనుషులు ఎన్నడూ లేని చోట దెయ్యం ఎలా పుట్టిందో నాకే తెలియలేదు. ఆ రాతప్రతి అప్పటినుంచి అలమారులోనే ఉంది.

ఈ వ్యాసంలో నేను వాదించబోయేది ఆ ప్రశ్ననుంచి పుట్టింది. దెయ్యాల దీవి కథల్లో, ముఖ్యంగా పద్నాలుగు పద్దెనిమిదేళ్ల మధ్యవారి కోసం రాసే మిస్టరీల్లో, దెయ్యం భయపెట్టే యంత్రంగా కాక సాక్షిగా ఉండాలి. ఆ సాక్ష్యానికి ఆధారం ఆ దీవి నేలలోనే దొరకాలి. అలా దొరకనప్పుడు ఆ దీవి నాటకానికి వెనక వేలాడదీసిన తెర మాత్రమే, ఆ దెయ్యం తెర వెనక తెల్లగుడ్డ కప్పుకున్న మనిషి మాత్రమే.

నీళ్ల సంగతి మరికొంచెం చెప్పాలి, ఎందుకంటే దీవి కథ రాసేవాడు మొదట తెలుసుకోవలసింది అదేనని ఇప్పుడు నమ్ముతున్నాను. ఎత్తు తక్కువ పగడపు దీవుల్లో ఏరులు, వాగులు ఉండవు. పడిన వాన ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటికంటే తేలిక కనుక దానిమీద పొరలా తేలుతూ నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన ఆ నీరు ఒక అడుగు ఎత్తున ఉంటే, మట్టానికి కింద సుమారు 40 అడుగుల లోతు వరకు ఉంటుందని సిద్ధాంతరీత్యా లెక్క. ఆశకొద్దీ ఎక్కువ తోడితే కిందనుంచి ఉప్పునీరు పైకి వస్తుంది, బావి చెడిపోతుంది, మళ్లీ బాగుపడాలంటే వానలకోసం ఎదురుచూడాలి. అంటే అటువంటి దీవిలో బావి కనిపించిందంటే అక్కడ ఎంతమంది ఉండగలిగారో, ఎంత కాలం ఉండగలిగారో, ఎందుకు వెళ్లిపోవలసి వచ్చిందో చెప్పే పత్రం కనిపించినట్టే. నా బంగళా కిటికీలన్నిటికంటే ఒక్క పాడుబడ్డ బావి ఎక్కువ కథ చెప్పి ఉండేది.

ఇక మిస్టరీ సంగతి. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల రచయిత డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. ఆయన మతగురువు కూడా, అందువల్ల అలౌకిక విషయాలమీద నమ్మకం లేనివాడు కాదు. అయినా రెండో నియమంలోనే మానవాతీత శక్తులకు ఆ కథల్లో చోటు లేదని తేల్చేశాడు. కారణం సులువుగానే అర్థమవుతుంది. హంతకుడెవరో దెయ్యం వచ్చి చెప్పేస్తే పాఠకుడు ఆనవాళ్లు ఏరుకుంటూ రావడమెందుకు? హత్య చేసింది దెయ్యమే అయితే ఇక ఎవరిని పట్టుకోవాలి? దెయ్యాల మిస్టరీ అన్న ప్రక్రియే ఈ నియమాన్ని ధిక్కరించి పుట్టింది కనుక, అది రాసే ప్రతివాడూ నాక్స్‌కు ఏదో ఒక జవాబు చెప్పుకోక తప్పదు.

నా జవాబు సాక్షి అన్న మాటలో ఉంది. న్యాయస్థానంలో సాక్షి తీర్పు చెప్పడు, దర్యాప్తు చేయడు, తాను చూసినదానికి మించి మాట్లాడడానికి వీల్లేదు, మాట్లాడినదానికి మరో ఆధారం తోడు కావాలి. దెయ్యానికీ అవే హద్దులు పెడితే మిస్టరీ నిలుస్తుంది. దెయ్యం ఒక చోటును చూపించవచ్చు, అక్కడ తవ్వవలసింది మాత్రం పదహారేళ్ల చేతులే. దెయ్యం ఒక పేరు పలకవచ్చు, ఆ పేరు ఎవరిదో ఓడల పట్టీల్లోనో సమాధి రాళ్లమీదో వెతికి తెలుసుకోవలసింది బతికున్నవాళ్లే. నా మొదటి నవలలో ఆత్మ చివరి అధ్యాయంలో అద్దంలో ప్రత్యక్షమై జరిగినదంతా నాలుగు పుటల్లో చెప్పేసింది. అది సాక్ష్యం కాదు, రచయిత చేతకానితనం.

ఇప్పుడు నిజమైన దీవి ఒకటి చూద్దాం. మడగాస్కర్‌కు తూర్పున హిందూ మహాసముద్రంలో ట్రోమెలిన్ అనే దీవి ఉంది. పొడవు సుమారు 1,700 మీటర్లు, వెడల్పు 700 మీటర్లు, ఎత్తు ఏడెనిమిది మీటర్లకు మించదు. పొదలు తప్ప చెప్పుకోదగ్గ చెట్టు లేదు, తుపాను వస్తే తలదాచుకునే చాటు లేదు. 1761 జులై 31 రాత్రి ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ ఓడ 'లుటీల్' అక్కడి పగడపు దిబ్బకు కొట్టుకుని పగిలిపోయింది. ఓడ పేరుకు 'ఉపయోగపడేది' అని అర్థం. మారిషస్‌కు బానిసలను తేవద్దని గవర్నరు నిషేధించి ఉండగా, ఆ ఓడ కప్తాను మడగాస్కర్‌లో సుమారు 160 మందిని కొని రహస్యంగా తీసుకువెళుతున్నాడు. వాళ్లు తిరగబడతారన్న భయంతో ఓడ అడుగు అరల తలుపులు బిగించి ఉంచడంవల్ల వారిలో చాలామంది ఆ చీకట్లోనే మునిగిపోయారు.

బతికి ఒడ్డు చేరిన నావికులు, బానిసలు కలిసి బావి తవ్వారు, ఓడ కలపతో ఒక పడవ కట్టారు. రెండు నెలలయ్యాక, సెప్టెంబరు 27న, ఆ పడవలో ఎక్కి వెళ్లింది నావికులు మాత్రమే. మడగాస్కర్ మనుషులు సుమారు 60 మంది ఒడ్డున మిగిలారు. తిరిగి వచ్చి తీసుకువెళతామని పడవ కట్టించిన అధికారి కాస్టెల్లాన్ మాట ఇచ్చాడు. ఆయన అడగకపోలేదు కూడా, కాని పైవాళ్లు ఓడ ఇవ్వలేదు. చివరకు ఓడ వచ్చింది 1776 నవంబరు 29న. అప్పటికి 15 ఏళ్లు గడిచాయి. దీవిలో ఉన్నది ఏడుగురు స్త్రీలు, ఎనిమిది నెలల పసివాడు. వాళ్లను మారిషస్‌కు తీసుకువచ్చి స్వతంత్రులని ప్రకటించారు. ఆ ఓడ కప్తాను ఇంటిపేరే ఈ రోజుకీ దీవి పేరు. అక్కడ పదిహేనేళ్లు బతికినవాళ్ల పేరు దానికి పెట్టాలని ఎవరికీ తోచలేదు.

2006 నుంచి పురావస్తు శాస్త్రవేత్తలు ఆ దీవిని పలుమార్లు తవ్వారు. బయటపడిన వాటిలో నన్ను నిద్రపోనివ్వనివి రెండు. ఒకటి, రాగి గిన్నెలు. చిల్లు పడ్డ చోటల్లా మరో రాగి ముక్కను అతికి, చీలలు కొట్టి బిగించారు. ఆ అతుకు అరిగిపోయాక దానిమీద ఇంకో అతుకు వేశారు. గిన్నె ఎంతో అతుకులూ అంతే. రెండోది, ఇళ్లు. పగడపు రాళ్లను, ఒడ్డున దొరికే ఇసుకరాతి పలకలను పేర్చి, గాలివాన తట్టుకునేటట్టు మందమైన గోడలతో, ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేటట్టు కట్టుకున్నారు. వాళ్ల స్వదేశంలో రాతి కట్టడం చనిపోయినవారి సమాధులకే చెల్లుతుంది, బతికున్నవాళ్లు కర్రతో, ఆకులతో కట్టిన ఇళ్లలో ఉంటారు. ఆ దీవిలో వేరే దారి లేక, వాళ్లు తమ ఆచారం ప్రకారం సమాధి కావలసిన దానిలో సంసారం చేశారు. దెయ్యాల కథలు రాసే ఏ రచయితకైనా ఇంతకంటే భయంకరమైన ఊహ తోస్తుందా? అది ఊహ కాదు.

ఆ గిన్నెను ఒక నవలలో పదహారేళ్ల అమ్మాయి చేతికి ఇచ్చి చూడండి. ఇన్ని అతుకులు వేసేకంటే కొత్తది ఎందుకు తెచ్చుకోలేదు అన్నది ఆమెకు తట్టే మొదటి ప్రశ్న. తెచ్చుకునే వీలు లేదు కనుక. ఎందుకు లేదు? ఎవరూ రాలేదు కనుక. ఎన్నేళ్లు రాలేదు? ఒక అతుకు అరగడానికి ఎంత కాలం పడుతుందో చూస్తే తెలుస్తుంది. వాళ్లు ఇక్కడున్నారని ఎవరికైనా తెలుసా? తెలుసు. తెలిసీ రాలేదా? ఈ చివరి ప్రశ్న దగ్గర మిస్టరీ నేరంగా మారుతుంది. కత్తి లేదు, విషం లేదు, మాట ఇచ్చి తప్పడమే నేరం, నేరస్థులు పెద్ద పెద్ద కుర్చీల్లో కూర్చుని ఉత్తరాలకు జవాబులు రాస్తున్నారు. ఇంతవరకు దెయ్యం అవసరమే రాలేదు. 60 మందిలో తిరిగి వచ్చిన ఏడుగురిని తీసేస్తే మిగిలినవాళ్ల మాట ఎవరు చెబుతారు అన్నప్పుడు వస్తుంది. కాగితాలు, గిన్నెలు, గోడలు అన్నీ మాట్లాడేశాక, ఇక మాట్లాడడానికి బతికినవారెవరూ లేని చోట మాత్రమే దెయ్యానికి కథలో చోటు. నా లెక్కలో దెయ్యం చివరి సాక్షి.

నిజానికి ట్రోమెలిన్‌కు దెయ్యాల దీవి అన్న పేరు లేదు. పేరున్న చోట్లు వేరే ఉన్నాయి, అవి ఎక్కువగా నా వాదనకు ఎదురు ఉదాహరణలు. జమైకాలో రోజ్ హాల్ అనే చెరుకు తోటల యజమానుల బంగళా ఉంది. ముగ్గురు భర్తలను చంపి, బానిసలను చిత్రహింసలు పెట్టి, చివరకు తానూ హత్యకు గురైందని చెప్పే ఆనీ పామర్ అనే తెల్లజాతి యజమానురాలి ఆత్మ అక్కడ తిరుగుతుందని ప్రచారం. ఆ కథకు చారిత్రక ఆధారం లేదని పరిశోధించినవారు తేల్చారు. అయినా రాత్రిపూట దీపాలతో సందర్శకులను తిప్పి ఆ కథే చెబుతారు. ఆ చెరుకు తోటల్లో తరాల తరబడి చాకిరీ చేసి చనిపోయిన బానిసలు నిజం, వాళ్ల చావులూ నిజం. దెయ్యమైన గౌరవం మాత్రం పట్టుగౌను యజమానురాలికి దక్కింది. నా రాతప్రతిలో ఆత్మ కూడా బంగళా యజమాని కూతురే అని ఇక్కడ ఒప్పుకోవాలి. పనివాళ్ల కూతురు దెయ్యం కావచ్చునన్న ఆలోచన ఆ రెండు వందల పుటల్లో ఒక్కసారి కూడా నాకు రాలేదు.

దీవి ఖాళీగా ఉంది అన్న మాటను కూడా నేను ఇప్పుడు నమ్మలేకుండా ఉన్నాను. హిందూ మహాసముద్రం నడుమ చాగోస్ దీవుల్లో కొబ్బరి తోటల మధ్య పాడుబడ్డ చర్చిలు, ఇళ్లు, సమాధులు ఉన్నాయి. ఫోటోలు చూస్తే దెయ్యాల నవలకు ముఖచిత్రాలుగా పనికివస్తాయి. అక్కడ తరతరాలుగా ఉన్న వేయిమందికి పైగా మనుషులను, వాటిలో ఒకటైన డియెగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం, బ్రిటన్ 1968 నుంచి 1973 లోపల మారిషస్‌కూ సేషెల్స్‌కూ తరలించింది. వాళ్ల పెంపుడు కుక్కలను పట్టి గదిలో పెట్టి పొగతో చంపారు. 2006లో సుమారు వంద మందిని కొద్ది రోజులకు తిరిగి రానిస్తే, వాళ్లు వెళ్లి పెద్దల సమాధులమీద పెరిగిన తుప్పలు నరికి శుభ్రం చేసుకున్నారు. అటువంటి దీవిలో అడుగుల చప్పుడు వినిపించిందని రాసే రచయిత ఆ అడుగులు చనిపోయినవారివి అని తేలికగా అనేయకూడదు. ఆ అడుగులవాళ్లు మరో దేశంలో బతికే ఉన్నారు, తిరిగి రానివ్వండని న్యాయస్థానాల చుట్టూ తిరుగుతూ ఉన్నారు. బతికున్నవారిని దెయ్యాలను చేయడం కంటే పెద్ద అబద్ధం ఈ ప్రక్రియలో ఉండదు.

దీనికి ఎదురయ్యే అభ్యంతరం నాకు తెలుసు, నా స్నేహితురాలు ఒకామె మొహం మీదే అనేసింది. పిల్లలు దెయ్యాల నవల కొనుక్కునేది వెన్నులో చలి పుట్టడానికి కాని చరిత్ర పాఠం చదువుకోవడానికి కాదు, ఇన్ని తేదీలు, ఇంత అన్యాయం గుమ్మరిస్తే పుస్తకం మూసేస్తారు అని. తేదీల సంగతిలో ఆమెదే న్యాయం. నవలలో తేదీలు ఉండనక్కర్లేదు, గిన్నె ఉంటే చాలు. కాని భయం సంగతిలో ఆమె పొరబడింది. భయం పుట్టేది నియమంనుంచి. ఎప్పుడైనా, ఎక్కడైనా, ఏమైనా చేయగల దెయ్యం మొదటి రెండు అధ్యాయాలు దాటాక ఎవరినీ భయపెట్టదు. ఇది చేస్తే వస్తుంది, ఇది చేయకపోతే రాదు అన్న దెయ్యమే భయపెడుతుంది. ఆ నియమాలు కూర్చుని కల్పిస్తే వచ్చేవి కావు, ఆయా దీవుల మనుషులు తమ చావులనుంచీ తమ బంధుత్వాలనుంచీ తయారుచేసుకున్నవి.

హవాయి దీవుల్లో రాత్రి ఊరేగింపు అన్న నమ్మకం ఉంది. పూర్వకాలపు యోధులు కాగడాలతో, డోలు మోతతో వరుసగా నడుస్తూ పోతారు. ఆ దారిలో ఉన్నవాడు వాళ్లను చూడకూడదు, నేలమీద బోర్లా పడుకుని ఊపిరి బిగబట్టాలి. చూశాడా, ప్రాణం పోయినట్టే. ఒక్క మినహాయింపు ఉంది, ఆ వరుసలో నడుస్తున్నవాళ్లలో ఎవరైనా అతని పూర్వీకులై, వీడు మనవాడు అని గుర్తుపడితే వదిలేస్తారు. ఈ ఒక్క నియమంలో ఒక నవలకు సరిపడా మిస్టరీ ఉంది. తన వంశమేమిటో తెలియని పిల్ల ఆ దారిలో పడుకుని ఉంది, డోలు దగ్గరవుతోంది, తాను ఎవరి మనవరాలో ఆమెకే తెలియదు. ఇక్కడ వెన్నులో చలి పుట్టించేది, చరిత్రను తవ్వించేది ఒకే ప్రశ్న. రెంటినీ విడదీయడానికి వీల్లేదు.

కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో డ్వెన్ అనేవి ఉన్నాయంటారు. బాప్తిస్మం కాకముందే చనిపోయిన పిల్లలట, మొహం ఉండదు, తలమీద పెద్ద గడ్డి టోపీ, పాదాలు వెనక్కు తిరిగి ఉంటాయి. బయట ఆడుకుంటున్న పిల్లల పేరు వింటే ఆ పేరుతో పిలిచి అడవిలోకి తీసుకుపోతాయి కనుక చీకటి పడే వేళ పిల్లలను బయట పేరుపెట్టి గట్టిగా పిలవకూడదంటారు. నా రాతప్రతిలోని తడి పాదాల గుర్తులు ఇది చదివినప్పుడు నాకు గుర్తుకొచ్చి సిగ్గేసింది. అవి మెట్లెక్కి వచ్చేవి, ఎందుకు వచ్చేవో, ఎటు పోయేవో నాకే తెలియదు. పాదాలు వెనక్కు తిరిగి ఉన్నాయనుకోండి, ఇంట్లోకి వచ్చినట్టు కనిపించే గుర్తులు ఇంట్లోంచి వెళ్లినవి అవుతాయి. రాత్రంతా లోపల ఎవరున్నారు అన్న ప్రశ్న తెల్లవారాక పుడుతుంది. ఇది దెయ్యానికి దెయ్యం, ఆనవాలుకు ఆనవాలు.

అయితే ఒకరి నమ్మకాన్ని తెచ్చి మరో దీవిలో పాతడానికి నేను ఒప్పుకోను. హవాయి యోధులను కరీబియన్ ఒడ్డున నడిపించడం, మొహంలేని పిల్లలను పసిఫిక్ దీవికి ఎగుమతి చేయడం వంటలో మసాలా మార్చినంత తేలిక కాదు. ఆ పిల్లలు ఎవరో ఒకరి పిల్లలు. ఆ నమ్మకం ఏ శోకంలోంచి పుట్టిందో ఆ శోకం ఆ నేలది.

దెయ్యమనుకున్నది దెయ్యం కాదని తేలే కథల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వాటిని నేను చాలాకాలం తక్కువగా చూశాను. చివరకు గాలి చప్పుడనో, దొంగల ముఠా అనో తేల్చేస్తే మోసపోయినట్టు అనిపించేది. పసిఫిక్, హిందూ మహాసముద్రాల దీవుల్లో ఇసుకలో బొరియలు చేసుకుని గుడ్లుపెట్టే ఒక జాతి సముద్రపక్షి రాత్రిపూట మనిషి మూలిగినట్టు, పసిబిడ్డ ఏడ్చినట్టు కూస్తుంది. దాని హవాయి పేరుకు అర్థమే మూలిగే పక్షి. తెలియనివాడు ఆ మూలుగుల మధ్య ఒక్క రాత్రి పడుకుంటే చాలు. కాని అది పక్షి అని తెలియగానే కథ అయిపోతుందా?

బెర్ముడా సంగతి వినండి. భౌగోళికంగా అది ఉష్ణమండలానికి కాస్త ఉత్తరానే ఉంది, అయినా ఉదాహరణగా దీన్ని వదులుకోలేను. ఆ దీవులను నావికులు దయ్యాల దీవులని పిలిచి దూరంగా తప్పుకుని పోయేవారు, రాత్రిళ్లు అక్కడినుంచి వినవచ్చే అరుపులు ఆ పేరుకు ఒక కారణం. 1609లో 'సీ వెంచర్' అనే ఆంగ్ల ఓడ అక్కడ చిక్కుకుని మనుషులు దిగాక తెలిసింది, ఆ అరుపులు కహౌ అనే సముద్రపక్షివని. అంతవరకు దెయ్యమైన పక్షి మర్నాటినుంచి ఆహారమైంది. మనుషులు పట్టి తిన్నారు, వాళ్లతో వచ్చిన ఎలుకలు, పిల్లులు తిన్నాయి, అంతకుముందే నావికులు వదిలిన పందులు తింటూనే ఉన్నాయి. 1620ల నాటికి ఆ జాతి అంతరించిందనుకున్నారు. దీవి నిశ్శబ్దమైంది. 300 ఏళ్లు దాటాక, 1951లో, సముద్రంలోకి పొడుచుకొచ్చిన చిన్న రాతి తిప్పల పగుళ్లలో కొద్ది జంటలు బతికి ఉన్నట్టు కనుక్కున్నారు. ఆ వెతుకులాటలో పెద్దల వెంట వెళ్లినవాళ్లలో డేవిడ్ వింగేట్ అనే పదిహేనేళ్ల కుర్రాడు ఉన్నాడు. పెద్దయ్యాక ఆయన తన జీవితమంతా ఆ పక్షిని కాపాడడానికే వెచ్చించాడు, ఇప్పుడు జంటలు నూరు దాటాయి.

దయ్యం లేదు, పక్షి మాత్రమే అని ఈ కథను కొట్టిపారేయడానికి నాకు నోరు రావడం లేదు. అరిచినది దయ్యం కాకపోవచ్చు, ఆ తరువాత 300 ఏళ్లు దీవిని పట్టుకున్న నిశ్శబ్దం మాత్రం చంపబడినవాళ్లది. దెయ్యం అని పేరు పెట్టినవాళ్లే చంపినవాళ్లు. ఇక రాతి పగులులోకి చేయి పెట్టినవాళ్ల వెనక నిలబడి, చచ్చిపోయిందని పుస్తకాలు చెప్పిన ప్రాణిని కళ్లారా చూసిన పదిహేనేళ్ల కుర్రాడికంటే ఈ ప్రక్రియకు తగిన కథానాయకుణ్ని ఎవరు కల్పించగలరు? సహజ కారణం తేలాక కూడా నేరమేమిటి అన్న ప్రశ్న మిగిలి ఉంటే ఆ ముగింపు మోసం కాదు. కిటికీ రెక్క చప్పుడని తేల్చి చేతులు దులుపుకుంటేనే మోసం.

కథానాయకులు పిల్లలే ఎందుకు కావాలి అన్నదానికి నాకు దొరికిన జవాబు కూడా ఇక్కడే ఉంది. పెద్దవాళ్లు నమ్మరు కనుక పిల్లలే వెతకాలి అన్నది పాత ఉపాయం, దానికి తోడు సెల్‌ఫోన్ సిగ్నల్ లేకపోవడం కొత్త ఉపాయం, రెండూ అరిగిపోయాయి. అసలు కారణం వేరే అనుకుంటాను. ఆ వయసులో మనిషికి తాను చేయని పనుల ఫలితం మొదటిసారి చేతికి వస్తుంది. ఆ ఇల్లు తాను కట్టలేదు, ఆ తోట తాను నాటలేదు, ఆ పడవలో చోటు లేదని తాను చెప్పలేదు, అయినా ఆ ఇంటి తాళంచెవి తన చేతిలో ఉంది. పెద్దవాళ్లు ఆ తాళంచెవికి అలవాటుపడి ఉంటారు. అది ఎవరిదని అడిగేది పిల్లలే. అందుకే ఆత్మకు శాంతి కలిగి వెలుగులో కలిసిపోయే ముగింపులంటే నాకు ఇప్పుడు గిట్టడం లేదు. ఎముకలు దొరికాయి, పూలు పెట్టారు, గాలి చల్లబడింది, పడవ ఎక్కి ఇంటికి వచ్చేశారు. సాక్షి సాక్ష్యం చెప్పి వెళ్లిపోతే కేసు ముగిసినట్టు కాదుకదా, తాళంచెవి సంగతి తేలాలి.

ఇవన్నీ తెలిశాక కిందటేడాది మళ్లీ మొదలుపెట్టాను. ట్రోమెలిన్‌ను వాడుకోలేదు, అక్కడి మనుషుల కథ నా ఉపాయాలకు లొంగేది కాదు. చిన్న కల్పిత దీవే, కాని ఈసారి దానికి పటం గీసుకున్నాను, వాన ఎంత పడుతుందో రాసుకున్నాను, కొబ్బరి ఎవరు నాటారో, ఎండిన కొబ్బరి ఏ ఓడలో పోయేదో, ఆ ఓడ రావడం ఎప్పుడు ఆగిపోయిందో రాసుకున్నాను. సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోయే చోట సంధ్యవేళ అరగంటైనా నిలవదు కనుక, పాత ప్రతిలో మూడేసి పుటలు సాగిన మసక సాయంత్రాలను కొట్టేశాను. తడి ఇసుకమీద అడుగు వేస్తే నీలంగా మెరిసే సూక్ష్మజీవుల వెలుగును మాత్రం ఉంచుకున్నాను, కాస్త ఆడంబరమే అయినా. వస్తువులు మాయమయ్యే సంఘటనల్లో సగం కొబ్బరి పీతలకు అప్పగించాను. నాలుగు కిలోల వరకు పెరిగే ఆ పీత చెట్లెక్కగలదు, దొరికినదాన్ని లాక్కుపోతుందన్న పేరూ దానికి ఉంది. మిగిలిన సగం ఎవరు తీశారన్నది నవలకు వదిలాను.

బంగళా లేదు. బావి ఉంది. మూడో అధ్యాయంలో ఆ అమ్మాయి తుప్పలు తొలగించి బావి ఒరను కనుక్కుంటుంది. రాతి అంచుమీద తాడు ఒరిపిడికి పడ్డ గాడులు కనిపిస్తాయి, వేలు పెడితే రెండో కణుపు దాకా దిగేంత లోతు. ఒక్క మనిషి ఒక్క ఏడాదిలో తోడితే పడేవి కావవి. లెక్కపెడితే 11 ఉన్నాయి. తాడు లేదు, బాల్చీ లేదు, గిలక ఉండిన ఆనవాలు లేదు, నీళ్లు ఎక్కడో అడుగున నల్లగా మెరుస్తున్నాయి. వాన పడి నెల దాటింది. మర్నాడు పొద్దున్నే ఆమె మళ్లీ వచ్చి చూసేసరికి పదిగాడులు పొడిగా ఉన్నాయి, ఒక్కటి తడిగా ఉంది.

దెయ్యం ఇంకా రాలేదు. ఆ అధ్యాయం వరకు మా మేనకోడలికి ఇచ్చాను. ఆమెకిప్పుడు పంతొమ్మిదేళ్లు, ఇటువంటి నవలలు చదివే వయసు దాటిపోయానంటుంది. అయినా చదివింది, చివరి పుట అంచున పెన్సిలుతో ఒక ప్రశ్న రాసి తిరిగి ఇచ్చింది: "తోడిన నీళ్లు ఎవరికి?" ఎవరు తోడారని అడుగుతుందనుకున్నాను. దానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఎవరికి అన్నదానికి నాలుగో అధ్యాయం మొదటినుంచి మళ్లీ రాస్తున్నాను.